కారు తాళం

తమ్ముడు దొరబాబుకు, జాలారిపేట నుంచి అక్క. ఈ ఉత్తరం అందగానే ఎలమంచిలిలో నీ మెకానిక్ షెడ్డు మూసేసి బస్సెక్కు.

సముద్రంలో చేపల వేట నిషేధం కదా, నువ్వు చూసి కొనిపెట్టిన కారును మీ బావ బాడుగకు తిప్పుతున్నాడు. మొన్న నన్నూ పిల్లలనూ సింహాచలం కొండకు తీసుకెళ్లాడు. కొండ దిగేటప్పుడు, కారు నడుస్తుండగానే ఇంజను ఆపేశాడు. అదేమిటన్నాను. "ఒడ్డు దగ్గరకొచ్చీసాక బోటింజను ఆపీమేటి? కెరటమే తోసుకొచ్చెత్తాది. ఇదీ అంతే" అన్నాడు. మలుపులో బ్రేకు రాయిలా బిగుసుకుపోయింది. స్టీరింగు తిరగనంది. రెండు కాళ్లతో తొక్కితే, గట్టుగోడను రాసుకుంటూ ఆగాం. చిన్నది ఇప్పటికీ నిద్రలో ఉలిక్కిపడుతోంది.

ఇంజను ఆగితే బ్రేకుకు బలం ఉండదని కారు తెచ్చిన రోజే నువ్వు చెప్పావు. అదే గుర్తుచేస్తే, "సముద్రం మీద బోటు నడిపినోడికి నువ్వు సెప్తావేటి?" అని కసిరాడు. తప్పంతా బ్రేకుదేనట. బ్రేకాయిలు మార్పించి ఊరుకున్నాడు. నీ మాటైతే వింటాడు. పక్కన కూర్చుని, ఖాళీ మైదానంలో మెల్లగా పోనిచ్చి, ఇంజను ఆపించి ఆ బ్రేకు తొక్కించు. కాలికి తెలిస్తేగాని నమ్మే మనిషి కాదు.

ఆదివారం మా ఆడపడుచునీ పిల్లలనీ అదే కొండకు తీసుకెళ్తానని మాటిచ్చేశాడు.

కవరులో చేతికి గట్టిగా తగిలేది కారు తాళమే. రెండోది లేదు. పొద్దుటి నుంచి మీ బావ దానికోసం మంచం కిందా, వలల్లోనూ వెతుకుతున్నాడు. ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను. నేనూ వెళ్లి వెతకాలి, లేకపోతే అనుమానం వస్తుంది.