అత్త వంటింట్లో కూర్చున్న పూట

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెలు వెంకటరావమ్మకు,

పటమట నుంచి అన్నయ్య వేణుగోపాల్ ఆశీస్సులు. ఇక్కడ నేను, నా మోకాళ్లు, నా పుస్తకాలకు పట్టిన చెద అందరం క్షేమం. తెనాలిలో నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మాట ఇచ్చి తప్పినవాడి ఫోటోకి దండ వేయడానికి రమ్మని పిలిచావు. ఆ మాటేమిటో ముందు గుర్తు చేస్తాను. పామర్రులో మామయ్య పెద్దకర్మ రోజున నాన్న అందరి ముందూ సీతారావమ్మత్త చెయ్యి పట్టుకుని, "అక్కా, నువ్వెప్పుడన్నా కోర్టు మెట్లెక్కాల్సొస్తే నీ పక్కన నిలబడే నల్లకోటు నాదే" అన్నాడు. నువ్వు అప్పుడు చిన్నపిల్లవి, గారెల దగ్గరున్నావు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మందులు వేసుకుంటున్నాను. పై ఫ్లాటు వాళ్లతో పోట్లాట మానలేదు, మానను. గవర్నర్‌పేటలో మన ఇల్లున్న చోట ఇప్పుడు కోచింగ్ కాలేజీ నడుస్తోంది. మన వరండా ఉన్నచోట స్కూటర్లు పెడుతున్నారు. ఫోన్ చెయ్యొచ్చుగా అన్నావు. ఫోన్లో నీకు సగం వినపడదు, మిగిలిన సగం నీకు కావలసినట్టు వింటావు. అందుకే ఉత్తరం. దీన్ని ఎవరి చేతా చదివించుకోకు.

లాయర్ల సంఘం హాల్లో నాన్న ఫోటో పెడుతున్నారనీ, నీ మనవరాలు మనోజ్ఞ మాట్లాడుతుందనీ, సొంత అక్క మీద వాదించి గెలిచిన కేసు గురించి వివరంగా రాసి పంపమనీ అడిగావు. ఊరందరికీ తెలిసిన కథే నీకూ తెలుసు. ఒకసారి వకాల్తా పుచ్చుకుంటే ఎదుట ఎవరున్నా వెనక్కివ్వని మనిషి లాయరు బసవపున్నయ్య గారు. చప్పట్లు పడతాయి. కానీ మనోజ్ఞ మొన్ననే నల్లకోటు వేసుకున్న పిల్ల. పెద్దల ముందు మొదటిసారి నోరు విప్పి అబద్ధం చెప్పకూడదని ఇది రాస్తున్నాను.

జీవిత చరిత్రలు చాలా చదివాను. వాటిలో ఆఫీసు గది ఉంటుంది, కోర్టు హాలుంటుంది, వంటిల్లుండదు. ఆ రోజు నేను వంటింట్లో ఉప్మా తింటున్నాను.

అత్త మరిది ఆమె వాటా పొలాన్ని తనదేనని చెప్పి మిల్లు సత్యానికి అమ్మేశాడు. కేసు వెయ్యమని తమ్ముణ్ణి అడగడానికి అత్త మొదటి బస్సెక్కి వచ్చింది. వీధి గుమ్మం దగ్గరే అమ్మ ఎదురెళ్లి ఆపింది.

"వదినా, దొడ్డిదారిన రండి. వరండాలో పార్టీలున్నారు. పొద్దున్నే మీరు ఎదురైతే... నేను చెప్పాలా!"

భర్త పోయిన మనిషి పొద్దున్నే ఎదురు రాకూడదని అప్పట్లో పాటించేవారు. అత్త ఇల్లు చుట్టి వచ్చి పీట మీద కూర్చుంది.

"నేనొచ్చానని తమ్ముడికి చెప్పు మాణిక్యం."

"చెప్తా. వాళ్లని లేవనీండి. ముందు కాఫీ తాగండి."

"ఎవరూ వచ్చిందీ?"

"ఎవరో పార్టీలు. మనకేం తెలుస్తాయి వదినా ఆ గొడవలు!"

రెండో కాఫీ అయ్యాక అత్త అలవాటు కొద్దీ పొయ్యి మీది గిన్నె మూత ఎత్తి, "పప్పు నీళ్లలా కాచావే" అంది. అమ్మ నవ్వింది.

కోర్టు వేళకి నాన్న భోజనానికి వచ్చాడు.

"ఎప్పుడొచ్చావక్కా?"

"పొద్దున్నే. నీ పెళ్లాం కాఫీల మీద కాఫీలు పోస్తోంది. నా పొలం ఆ మిల్లు సత్యానికి అమ్మేశాడ్రా మా మరిది!"

నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అంతసేపూ ఆఫీసు గదిలో ఉన్నది ఆ సత్యమే. కొత్తగా కొన్న పామర్రు పొలం మీద తగాదా వచ్చేలా ఉంది, మీరే చూడాలంటూ వకాల్తా మీద సంతకం పెట్టి ఇచ్చి వెళ్లాడు. పాత పార్టీ కదా అని నాన్న కాగితాలు చదవకుండానే పుచ్చుకున్నాడు. అదే అత్తకి చెప్పాడు.

"ఇచ్చెయ్యి వాడిది వాడికి" అంది అత్త.

"పుచ్చుకున్నానక్కా."

ఇచ్చెయ్యొచ్చు చెల్లాయ్. ఏ చట్టమూ అడ్డు చెప్పదు. కానీ చదవకుండా పుచ్చుకున్నానని పదిమందికీ చెప్పుకోవాలి. దానికంటే అక్క పొలం పోవడమే ఆయనకి తేలికనిపించింది. వాదించాడు, గెలిచాడు. ఊరు దానికి నిజాయితీ అని పేరు పెట్టింది.

అత్త గుణదలలో తెరేసమ్మ గారింట్లో ఒక గది తీసుకుని, జాకెట్లు కుట్టుకుని బతికింది. ఆదివారాలు నాన్న ఆ వీధి చివర కారాపి నన్ను లోపలికి పంపేవాడు. "లాయరు గారిని వెళ్లమను నాయనా, సెలవు పూట కూడా ఎండలో నిలబడ్డం ఎందుకూ" అనేది అత్త. పోయేదాకా మళ్లీ ఆయన్ని తమ్ముడా అని పిలవలేదు.

ఇక ఇన్నాళ్లూ నీకు చెప్పనిది. అమ్మ మంచాన పడ్డప్పుడు నువ్వొచ్చి సేవ చేసి వెళ్లావే, ఆ మర్నాడు నేను అమ్మని అడిగాను, అత్త వచ్చిన ఆ పూట ఆఫీసు గదిలో ఎవరున్నారో నీకు తెలుసా అని.

"తెలుసు. ఏం పనిమీదొస్తాడో సత్యం గారి భార్య ముందురోజే చెప్పింది."

"మరి ఎందుకమ్మా అలా చేశావు?"

"నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ నా గిన్నెల మూతలెత్తి చూసిందిరా మీ అత్త. ఒక్క పూట కూర్చోబెట్టాను. పొలం నేను తిన్నానా?"

ఆ తర్వాత కాఫీ అడిగింది. కలిపి ఇచ్చాను.

అమ్మ పడ్డ బాధ నాకు తెలియదనుకోకు. అత్తది మంచి నోరు కాదు. నాన్న ఆ ఇంట్లో అక్క మాటే వేదంగా నడిపాడు. అవన్నీ ఎన్నోసార్లు తూచి చూశాను. నాన్నయినా ఆదివారాలు ఎండలో నిలబడ్డాడు. అమ్మ ఒక్కసారి కూడా గుణదల దారి పట్టలేదు.

భయపడకు, సభలో అమ్మ ఊసెత్తను. కానీ మనోజ్ఞ ఆ కేసు గొప్పగా చెబితే మాత్రం ముందు వరసలోంచి లేచి, అది చదవకుండా పుచ్చుకున్న వకాల్తా అని చెప్తాను. ఆ ముక్క పిల్లకి ముందే చెప్పు. నాన్న గురించి చెప్పుకోవడానికి వేరే మంచి సంగతులున్నాయి, అవి రాసి పంపుతాను.

ఉత్తరం చివర, "ఇంకా నాన్న మీద కోపమేనా అన్నయ్యా?" అని అడిగావు. నాన్న మీది కోపం ఎప్పుడో అరిగిపోయింది. నువ్వు రోజూ పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకునే ఫోటో ఉందే, దాని మీదే మిగిలింది. అమ్మ మీద. మాణిక్యమ్మ మీద.

ఇట్లు,
నీ అన్నయ్య
వేణుగోపాల్