పాప తల తడిసిన సంగతి

తమ్ముడికి,
అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. మీ సొరంగం పనిదగ్గర ఫోను అందదన్నావు కాబట్టి, సరుకుల బండి డ్రైవరుకి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు బయలుదేరిన ఉదయం ఇంకా కళ్లముందే ఉంది. ఐదున్నరకి లేచావు. అంచు విరిగిన నీ కప్పు దొరికేదాకా కాఫీ ముట్టుకోలేదు. చేతి గడియారంలో అడుగుల లెక్క తక్కువైందని భోజనాల బల్ల చుట్టూ పదకొండుసార్లు తిరిగావు. పాత పానాని కళ్లకద్దుకుని సంచిలో పెట్టావు. గ్యాస్ కట్టేసి ఉందో లేదో మూడుసార్లు చూశావు. గేటు దాకా వెళ్లి, వెనక్కొచ్చి నాలుగోసారి చూశావు. మూలన కూర్చుని జపమాల తిప్పుకుంటున్న నన్ను చూసి, "ఈ మూఢనమ్మకాలు ఎప్పుడు మానతావక్కా?" అన్నావు. ప్రార్థన మధ్యలో ఉన్నాను, జవాబివ్వలేదు.

పాపకి జ్ఞానస్నానం మాటెత్తితే, "దానికి పద్దెనిమిదేళ్లు రానీ, చర్చికి వెళ్లాలో వద్దో అదే తేల్చుకుంటుంది. అప్పటిదాకా నా కూతురి నెత్తిన ఎవరూ చుక్క నీళ్లు చల్లడానికి వీల్లేదు" అని హుకుం జారీ చేసి వెళ్లావు. నాకు పిల్లల్లేరు. దానికి జ్ఞానతల్లినవుదామని ఆశపడ్డాను. సరే, ఆగుతాను. అప్పటికి నాకు డెబ్బై నాలుగు.

నువ్వు వెళ్లాక వంటింట్లో తొట్టి పెట్టి, నీళ్ల వేడి మోచేత్తో చూసుకుని, పాపకి స్నానం చేయించాను.
ఇట్లు,
అక్క

తా.క.: పాప తల కాస్త ఎక్కువే తడిసింది. వెంటనే తుడిచేశాను.

*

అక్కా,
స్నానం చేయిస్తే తల తడవక ఇంకేం తడుస్తుంది? దానికి ప్రత్యేకంగా తాజా కలం ఎందుకు? తుడిచానని సాక్ష్యం ఎందుకు? నువ్వు నాకు కొత్తా? చిన్నప్పుడు పంచదార డబ్బా ఖాళీ చేసి, "మూత మాత్రం గట్టిగా పెట్టానమ్మా" అన్నదానివి.

సూటిగా అడుగుతున్నా. నీళ్లు పోస్తున్నప్పుడు నీ పెదవులు కదిలాయా, లేదా? కదిలి ఉంటే పెట్టె సర్దుకో. నెలాఖరుకి నేను ఇల్లు చేరేసరికి నువ్వు అక్కడ కనబడకూడదు. మళ్లీ పాపని నీ చేతికి ఇచ్చేది లేదు. పెంచినదానివని కూడా చూడను.
తమ్ముడు

తా.క.: పానాని కళ్లకద్దుకోవడం మూఢనమ్మకం కాదు. అది పని మీద గౌరవం. కప్పు సంగతి వేరు, దాన్ని ఇందులోకి లాగకు.

*

తమ్ముడికి,
దీవెనలు. కదిలాయి. అబద్ధం ఆడను. ఆడితే శుక్రవారం ఫాదర్‌గారి దగ్గర దాన్ని కూడా ఒప్పుకోవాలి.

పెట్టె సర్దుకుంటుంటే మీ అత్తగారు వచ్చి మంచం మీద కూలబడ్డారు. "మీరు వెళ్తే నేనూ వెళ్లాల్సిందే వదినగారూ" అని ఏడుపు. నెల కిందట, నువ్వు బాల్కనీలో గడ్డం గీసుకుంటుండగా, ఆవిడ స్నానాలగది తలుపేసుకుని పాప నెత్తిన మగ్గుతో పోసేశారట. జ్ఞానస్నానం మాటలు సరిగ్గా అన్నారో లేదో నేను చెప్పించుకుని విన్నాను. ఒక్క తప్పు లేదు.

జ్ఞానస్నానం ఎవరు చేయించినా ఒక్కసారే చెల్లుతుంది. కాబట్టి నేను పోసినవి ఉత్త నీళ్లు. నీ హుకుం నేను మీరలేదు. కానీ ఆవిడ మీద నాకు అసూయ పుట్టింది. శుక్రవారానికి పాపాలు రెండయ్యాయి.
అక్క

తా.క.: మేం మాట్లాడుకుంటుండగా, పాపని చూసుకునే ఆయమ్మ తలుపు వెనక రెండుసార్లు దగ్గింది.

*

అక్కా,
రోజంతా సొరంగంలోంచి నీళ్లు బయటికి తోడే ఉద్యోగం నాది. ఇంట్లో నా వెనకాల మీరు పోస్తూనే ఉన్నారన్నమాట! అందులోనూ మా అత్తగారు! "అల్లుడుగారు ఎలా అంటే అలాగే" అని నా ముందు తల ఊపిన మనిషి! ఆవిణ్ని కూడా పెట్టె సర్దుకోమను. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్లండి, దారిపొడుగునా ఒకరి నెత్తిన ఒకరు పోసుకోండి.

ఇంతకీ ఆయమ్మ ఎందుకు దగ్గింది? నా పంపు ఒకసారి దగ్గితే గాలి పట్టిందనుకుంటాను. రెండుసార్లు దగ్గితే విప్పి చూడాల్సిందే.
తమ్ముడు

తా.క.: ఇదంతా మా ఆవిడకి తెలుసా? తెలియకపోతే చెప్పకు. తెలిస్తే, ఆ సంగతి నాకు చెప్పకు.

*

తమ్ముడికి,
దీవెనలు. ఆయమ్మని విప్పి చూశాం.

రెండు నెలల కిందటే ఆవిడ పాపని తొట్టిలో మెడదాకా ముంచి, ఆపైన తల కూడా ముంచి లేపిందట. ఆవిడ వెళ్లే చర్చి వేరు. అక్కడ చల్లితే లెక్కలోకి రాదు. "మీలాగ గరిటెడు పోస్తే పాపం పైపైన పోతుంది పెద్దమ్మా, మడతల్లోది మడతల్లోనే ఉంటుంది" అంది. మీ అత్తగారికి ఒళ్లు మండింది. "నా మనవరాలికి మడతల్లో పాపాలా?" అన్నారు. నిన్నటిదాకా నోరు మెదపని ముగ్గురం, ఇప్పుడు చెల్లేది నాదంటే నాదని వంటింట్లో గంటసేపు వాదించుకున్నాం. పాలు పొంగిపోయాయి. ముగ్గురిలో గొంతు పెంచింది నేనేనని మరదలు చెబుతోంది. నాకు గుర్తులేదు.

శుక్రవారం పాపాలు ఒప్పుకునేటప్పుడు ఫాదర్‌గారిని అడిగాను. తెర వెనక ఆయన కథంతా రెండోసారి చెప్పించుకున్నారు. తర్వాత, "మొదటిదే జ్ఞానస్నానం. తక్కినవి స్నానాలు. ఆయమ్మకి ముందు ఇంకెవరైనా పోశారేమో తేల్చుకుని రండమ్మా" అన్నారు. ఆయన గొంతులో నవ్వు వినబడింది. క్షమించాను.

మరదలికి అన్నీ తెలుసు. "ఇంతమంది తడిపినా పాపకి జలుబు చెయ్యలేదు, అది చాలు" అంది.
అక్క

తా.క.: మంగళవారం నర్సమ్మ టీకా వేయడానికి ఇంటికొస్తోంది. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో చూసుకున్నది తనేనట.

*

అక్కా,
ఏ నర్సమ్మ? పొట్టిగా, కళ్లజోడు పెట్టుకుని, గలగలా మాట్లాడే ఆవిడేనా? ఇంటికి రానివ్వకు! టీకా ఆసుపత్రికి తీసుకెళ్లి వేయించండి. ఒకవేళ వచ్చేస్తే కూర్చోమనొద్దు, కాఫీ ఇవ్వొద్దు. ఎందుకని అడక్కు.

మీ ముగ్గురినీ క్షమించేశాను. పెట్టెలు విప్పుకోండి. ఈ నీళ్ల గొడవ ఇక ఎత్తొద్దు.
తమ్ముడు

తా.క.: ఈ ఉత్తరం మంగళవారం లోపు చేర్చమని డ్రైవరుకి నా టార్చిలైటు లంచమిచ్చేశాను. చేరిందా?

*

తమ్ముడికి,
దీవెనలు. నీ ఉత్తరం, నర్సమ్మ రెండో కప్పు కాఫీ తాగుతుండగా చేరింది.

పాపని చూడగానే ఆవిడ, "ఓహో, మన సీసా మూత పాప!" అంది. అర్థం కాలేదన్నాం. చెప్పింది.

"పుట్టిన రోజున గాజుపెట్టెలో ఊపిరందక నీలంగా అయిపోయింది కదమ్మా. వాళ్ల నాన్న నా చెయ్యి పట్టుకుని ఒకటే బతిమాలాడు. 'జ్ఞానస్నానం మాటలు మా అక్క చిన్నప్పుడు నేర్పింది సిస్టర్, ఇప్పుడు ఒక్క మాట గుర్తు రావట్లేదు, మీరు అందించండి' అని. నేను అందించాను, ఆయన అన్నాడు. నీళ్ల సీసా మూతతో మూడుసార్లు పోశాడు. సగం నా చెప్పుల మీదే పోశాడు."

మరదలు గుమ్మం పట్టుకుని నిలబడింది. "నాతో మాత్రం 'ఏం భయం లేదు, డాక్టర్లు చూసుకుంటున్నారు' అని నవ్వుతూ చెప్పారు వదినా" అంది. నేను వంటింట్లోకి వెళ్లి, గ్యాస్ కట్టేసి ఉందో లేదో మూడుసార్లు చూసి వచ్చాను.

మూఢనమ్మకాలు ఎప్పుడు మానతావని అడిగావు కదా. నువ్వు మానిన మర్నాడు.

ఈ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నది ఇది. చెల్లేది నీదే. ఆదివారం చర్చి పుస్తకంలో అలాగే రాయిస్తాం. నీళ్లు పోసినవారు: తండ్రి, పంపుల మెకానిక్. ఆ గదిలో నీ పక్కన నిలబడింది నర్సమ్మ కాబట్టి, జ్ఞానతల్లిగా ఆవిడ పేరే ఉండాలన్నారు మీ అత్తగారు. నేను సరేనన్నాను. అనడానికి కాస్త సమయం పట్టింది. సీసా మూతెడు నీళ్లకి పాప చిటికెనవేలు కూడా తడవదని ఆయమ్మ ఇంకా వాదిస్తూనే ఉంది. ఆవిణ్ని వదిలేశాం.

నాకు మాత్రం ఏ పదవీ రాలేదు. అప్పుడు మరదలు, "పాపకి రోజూ స్నానం మాత్రం వదినే చేయించాలి" అంది. అందరూ ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే: నీళ్లు పోసేటప్పుడు నా పెదవులు కదలకూడదు. పెట్టె విప్పేశాను.
అక్క

తా.క.: మనసులో అనుకోవడం గురించి ఎవరూ ఏమీ తీర్మానించలేదు.