సంచి చూసి అన్న మాట

షాహీన్, నువ్వు నా ఫోను ఎత్తడం లేదు గనుక ఈ కార్డు. ఇక్కడ అందరం క్షేమం. నేను ఈ అరబ్బు దేశపు ఎండకు అలిసిపోయాను, అంతే.

మీ చిచ్చా ఆసిఫ్ తను పనిచేసే షువైఖ్ పేట గోదాములో దొర కారును గోడకు గీరాడు. ఇంగ్లండు దొర మొహంలో నవ్వు జాడ లేకుండా, “పాపం, గోడకు బాగా తగిలిందా?” అన్నాడట. వీడు ఇంటికొచ్చి, “మా, నా పని ఖలాస్, పెట్టె సర్దు” అని రెండు రోజులు సరిగ్గా తినలేదు. చివరికి అక్కడే పనిచేసే అమెరికా ఆయన వీపు తట్టి, “అది జోకయ్యా!” అని చెప్పాల్సి వచ్చింది. ఆయనైతే జోకుకు ముందూ నవ్వుతాడు, తర్వాతా నవ్వుతాడు. ఎవరూ అన్నం మానరు.

ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పిన నాకు, నేనూ ఆ దొర జాతేనని ఇప్పుడు తెలిసింది. బయల్దేరేటప్పుడు నువ్వు కుట్టిచ్చిన సంచి చూసి, “దొంగలు కూడా జాలిపడి ఇందులో పైసలేసి పోతారు” అన్నాను. నవ్వడం మరిచాను.

మీ అమ్మ మోకాలు ఎట్లుంది? ఊరగాయ జాడీకి గుడ్డ కట్టారా?

రోజూ ఆ సంచితోనే కూరగాయలకు పోతున్నాను. ఇంతవరకు ఎవరూ పైసా వేయలేదు. ఫోనెత్తు తల్లీ.

దువాలతో,
నీ దాదీ ఖైరున్నీసా, మంగఫ్