మా తమ్ముడికి అమ్మకండి

అక్టోబర్ 8

తుపాకుల కొట్టులో తమ్ముడు కర్టిస్‌కి పిస్టల్ ఇవ్వలేదు. కొనేవాళ్ల పూర్వాపరాలు చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పేరు తేలింది. మార్చిలో కోర్టు వాడిని బలవంతాన మానసిక ఆసుపత్రిలో పెట్టింది కదా, అందుకు. ఆ కొట్టువాడికి దండం పెట్టాలనిపించింది. జింకల వేట సీజన్‌కని చెప్పాడట. పిస్టల్‌తో జింకలా? చిన్నప్పుడు చచ్చిన జింకను చూసి ఏడ్చినవాడు. అది ఎవరి కోసమో నాకు తెలుసు. మార్చిలో వాడు స్నానాలగదిలో పడి ఉండగా చూసింది నేనే.

అక్టోబర్ 9

మా ఆయన నార్మండ్ వాకిట్లో ఓటింగ్ బోర్డు పాతాడు. కొట్లలోలాగే ఇళ్లలో జరిగే తుపాకుల అమ్మకాలకు కూడా చెక్ ఉండాలా వద్దా అని వచ్చే నెల ఓటింగ్. ఈయన 'వద్దు' పక్షం. పక్కింటివాడికి తుపాకి అమ్మాలంటే ప్రభుత్వాన్ని అడగాలా అంటాడు. మరి కర్టిస్ సంగతి? ఈ ఊళ్లో వాడికెవడు అమ్ముతాడు, అందరూ మనవాళ్లే అన్నాడు. ఆ మనవాళ్లకు మార్చి సంగతి తెలియదు. దాచిపెట్టమన్నది ఈయనే.

అక్టోబర్ 15, మధ్యాహ్నం

శనివారాలు చెత్త పడేసే చోట సగం ఊరు కలుస్తుంది. పడవలు, రంపాలు, తుపాకులు చేతులు మారేది కూడా అక్కడే. ముసలి మెర్విన్ ట్రక్కు దగ్గర కర్టిస్ నవ్వుతూ నిలబడి ఉన్నాడు. మధ్యలో దూరి, ఏం అమ్ముతున్నావని మెర్విన్‌ని అడిగాను. మంచు ఊడ్చే యంత్రమట.

అక్టోబర్ 22

చర్చిలో బీన్స్ విందు. అందరూ తింటుండగా లేచి నిలబడ్డాను.

"మార్చిలో మా తమ్ముడు చచ్చిపోవాలని చూశాడు. వాడికి తుపాకి అమ్మకండి."

చెంచాలు ఆగిపోయాయి. ఆ తర్వాత అందరూ ఎంత మంచివాళ్లో! కౌగిలించుకున్నారు, కేకు ముక్కలు పొట్లం కట్టిచ్చారు, వాడికి అమ్మబోమని మాటిచ్చారు. చెక్ ఉంటే అమ్మేవాడికి 'కుదరదు' అన్న ఒక్క మాట వినపడేది, ఎందుకో కూడా చెప్పేవారు కాదు. నేనేమో వాడి గుట్టంతా బీన్స్ పళ్లేల మధ్య ఆరబోసి వచ్చాను. మా ఇంటి సంగతి ప్రభుత్వానికెందుకు అనేవాళ్ల స్వేచ్ఛ ఇదన్నమాట. పరువు తీశావన్నాడు నార్మండ్. ఎవరిదని అడిగాను.

అక్టోబర్ 24

కర్టిస్ వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీ పుణ్యమా అని మెర్విన్ నాకు రంపం కూడా అరువివ్వడక్కా. చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు."

తిట్టుకో, కానీ బతికుండు అన్నాను. తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

నవంబర్ 9

'వద్దు' గెలిచింది, కొద్ది ఓట్ల తేడాతో. నార్మండ్ స్నేహితులకు బీరు పోశాడు. వాళ్లలో ముగ్గురు నాకు మాటిచ్చినవాళ్లే. మర్చిపోకుండా నాకూ ఒక సీసా అందించారు.

నవంబర్ 10

కర్టిస్ తన అద్దె గది ఖాళీ చేశాడు. నది అవతలి ఊళ్లో పని దొరికిందట. అక్కడ తననెవరూ ఎరగరని, అదే హాయిగా ఉందని ఫోన్లో చెప్పాడు. ఎక్కడ ఉంటున్నాడో చెప్పలేదు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

నవంబర్ 11

అవతలి ఊళ్లో పొద్దుట్నుంచి ఇంటింటికీ తిరిగాను, వాడి ఫొటో పట్టుకుని, వీడికి తుపాకి అమ్మకండని చెప్పుకుంటూ. వాడు దొరకలేదు. కొందరు మొహం మీదే తలుపేశారు. ఒకావిడ కాఫీ ఇచ్చి, మా ఇంట్లో తుపాకులు అమ్మేవాళ్లు లేరమ్మా అంది.

నవంబర్ 12

చివరి వీధి. ముసలాయన ఫొటోను కళ్ల దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"నిన్న సాయంత్రమే పిస్టల్ తీసుకెళ్లాడమ్మా. మంచి మనిషి. బేరం కూడా ఆడలేదు."