ముత్యం కార్డు

చిట్టితల్లి జెస్సికాకి,

అమ్మ దీవెనలు. బెజవాడలో మీ నాన్న, నేను, ముత్యం, ముగ్గురం బాగున్నాం. హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి నాకు మళ్ళీ ఉత్తరాలు రాయడం అలవాటైంది.

నువ్వడిగినవాటికి జవాబులు. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది, మంగళగిరి ట్రిప్పులకి ఆటో తోలుతున్నాడు. ముత్యం పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టడం లేదు. నీ చెప్పు ఒకటి కొరికి పారేసింది, రెండోది బీరువా మీద దాచాను.

ఇక కార్డు సంగతి. ఫోటో ఉంది కదా అని ముత్యం టీకాల కార్డు పట్టుకెళ్ళావు. దాని మీద 'జాతి: పరియా' అని చదివి మీ రూములో పిల్ల నవ్విందనీ, హిస్టరీ మేడమ్ ఆ మాటకి అర్థం చెప్పాక నీకు అన్నం సయించలేదనీ రాశావు. మేడమ్ చెప్పింది నిజమే. మా పశువుల ఆసుపత్రి డాక్టరు సింధూరి గారిని అడిగాను. అది తమిళదేశంలో డప్పు కొట్టేవాళ్ళ కులం పేరట. తెల్లవాళ్ళు దాన్ని వెలివేసినవాళ్ళందరికీ వాడి, చివరికి ఊరకుక్కలకి తగిలించారట. ఇప్పుడు పెంచుకునేవాళ్ళు ఇండీ, అంటే ఇండియా కుక్క, అంటున్నారు గానీ పుస్తకాల్లో పాత పేరు ఇంకా నడుస్తోందట. పామర్రులో డప్పు కొట్టిన మీ తాతయ్య గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండింది.

ఆ మాట రాసిందెవరమ్మా అని అడిగావు. నేనే. ఆసుపత్రిలో నా పని కుక్కల్ని పట్టుకోవడం వరకే అనుకున్నావు. రాత గుండ్రంగా ఉంటుందని పదకొండేళ్ళుగా కార్డులు కూడా నాచేతే రాయిస్తున్నారు. ఊరకుక్కకి ఇంగ్లీషు మాట అదేననుకుని వందల కార్డుల మీద రాశాను. చెప్పడానికి సిగ్గేసి పెరుగన్నం సంగతి ముందు రాశాను.

నిన్న సింధూరి గారితో చెప్పేశాను. "ఇకమీదట ఆ మాట నేను రాయనండి."

"కంప్యూటర్లో అదే ఉంది కదా శౌరమ్మ గారూ."

"ఉంటే ఉండనివ్వండి. నా చేత్తో మాత్రం రాయను. కుదరదంటే ఈ పనికి ఇంకొకళ్ళని చూసుకోండి."

ఆవిడ ఖాళీ కార్డు ఒకటి నా ముందుకి జరిపింది. "మరేం రాస్తారు?"

"దేశీ అని రాస్తానండి."

మధ్యాహ్నానికల్లా కంప్యూటర్లో కూడా మార్పించింది.

కొత్త కార్డు ఇందులో పెట్టాను, ఫోటో కూడా అంటించాను. ఆ పిల్లకి చూపించు. ఎవరు రాశారని అడిగితే మా అమ్మ అని చెప్పు. పాత కార్డు ఎవరు రాశారని అడిగినా అదే చెప్పు. అన్నం మాత్రం మానకు.

ఇట్లు,
నీ గుండ్రటి రాత అమ్మ,
శౌరమ్మ