ముప్పయ్యో పేపర్

జూన్ 9

యూనివర్సిటీ డీన్ పిలిచాడు. అన్నయ్య పరిశోధన ప్రభావం ఎంతో లెక్క తేల్చి నెలాఖరుకు ఇవ్వాలట. సొంత అన్నయ్య లెక్క నేను చూడటం బాగుండదన్నాను. లైబ్రరీలో ఈ పని వచ్చినదాన్ని నేనొక్కదాన్నేనట. అన్నయ్య పోయి పదకొండు నెలలు. స్కోరు ముప్పై వస్తే ల్యాబ్ మేడ మీద ఉపగ్రహం సిగ్నల్ పట్టే తన డిష్ ఉంటుంది. తగ్గితే పాత ఇనుముకు పోతుంది. పదహారేళ్లుగా ఆ డిష్‌ను కనిపెట్టుకుని ఉన్న టెక్నీషియన్ మా వదినే.

బయటికి వచ్చేసరికి నాలుగూ ఇరవై. వాన. గొడుగు లేదు. పార్కింగ్ షెడ్డు కింద వాచీ చూసుకుంటూ పదకొండు నిమిషాలు నిలబడ్డాను.

జూన్ 12

లెక్క చిన్నదే. ముప్పై పరిశోధన పేపర్లు ఉండాలి, ఒక్కోదాన్ని వేరేవాళ్లు కనీసం ముప్పైసార్లు తమ పేపర్లలో ప్రస్తావించి ఉండాలి. తన పేపర్‌ను తనే ప్రస్తావించుకుంటే చెల్లదు. సొంత డబ్బా కాబట్టి కొట్టేస్తాం.

ఇరవై తొమ్మిది పేపర్లు గట్టెక్కాయి. వానలో ఉపగ్రహం సిగ్నల్ ఎంత సన్నగిల్లుతుందో కొలిచిన ముప్పయ్యోది మాత్రం ఇరవై తొమ్మిది దగ్గర ఆగింది. ఒక్కటంటే ఒక్కటి తక్కువ. ఏడుపొచ్చింది.

మేడ మీది వానకొలత గొట్టం ఎత్తు 2.1 మీటర్లు. ఆ పేపర్‌లో 2.4 అని పడింది. తప్పు పట్టుకున్నది నేనే. దిద్దుకుంటేనా? ఆ తర్వాత ప్రతి పేపర్‌లోనూ 2.4 అనే రాశాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

జూన్ 13

వదినకు ఇంకా చెప్పలేదు.

జూన్ 20, ఉదయం 11

ముప్పై అయింది! ఎవరో కొత్త పేపర్‌లో దాన్ని ప్రస్తావించారు.

11.15

ఎవరో కాదు. పేరు అన్నయ్యది. ల్యాబ్ అడ్రసు కూడా.

జూన్ 21

పాత చిత్తుప్రతిని శిష్యులెవరో పంపి ఉంటారనుకున్నాను. కూర్చుని చదివాను. జూన్ 9, నాలుగూ ఇరవైకి వాన మొదలు, పదకొండు నిమిషాలు, సిగ్నల్ ఇంత పడింది అని ఉంది. ఈ డైరీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. డిష్ కేబుల్ అన్నయ్య పోయిన రోజే వదిన పీకేసింది, మళ్లీ పెట్టలేదు.

గొట్టం ఎత్తు 2.4. చివర్లో ఎప్పటిలాగే, తిట్టే భార్యకూ లెక్కపెట్టే చెల్లికీ కృతజ్ఞతలు.

ఎడిటర్‌కు మెయిల్ పెట్టాను. పేపర్ పరిశీలించినవాళ్లు అడిగిన ప్రతిదానికీ రచయిత అదే రోజు ఎంతో మర్యాదగా జవాబిచ్చారట. బతికున్నవాళ్ల పేపర్లయితే ఆర్నెల్లు నానబెడతారు.

భయమేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది. అది రాసుకోకపోతే ఈ డైరీ ఎందుకు.

జూన్ 24

వదిన రెండుసార్లు చదివింది. చివరి వరుస మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. డీన్‌కు ఇవ్వాల్సిన ఫారం సంగతి చెప్పాను. అన్నయ్యే రాశాడంటే సొంత ప్రస్తావన అవుతుంది, కొట్టేయాలి.

కాగితాలు మడిచి నా చేతికిచ్చి అంది: “మీ అన్నయ్యే అంటే డిష్ పోతుంది. కాదంటే ఉంటుంది. లెక్క నీది, నువ్వే తేల్చు.”

జూన్ 30

ఫారంలో ప్రశ్న ఒకటే. ఈ ఇద్దరు రచయితలూ ఒకరేనా? డీన్‌ను అడిగితే నవ్వాడు. ఒకే పేరుతో బోలెడుమంది ఉంటారు, పోయినవాళ్లు పేపర్లు రాస్తారా అన్నాడు. లోకం ఒప్పుకునే మాటే.

‘వేరే వ్యక్తి’ దగ్గర టిక్ పెట్టి సంతకం చేశాను. పెన్ను ఎక్కడా ఆగలేదు. అందుకే సిగ్గేసింది.

జూలై 3

డిష్ ఉంచుతున్నారు. వదిన కేబుల్ పెట్టింది. నాతో బాగానే మాట్లాడుతోంది. అన్నయ్య ఊసు మాత్రం ఎత్తట్లేదు.

జూలై 18

ఇంకో పేపర్ వచ్చింది. అదే పేరు, అదే ల్యాబ్. గొట్టం ఎత్తు 2.1 అని సరిగ్గా ఉంది. చివర్లో తిట్టే భార్యకు కృతజ్ఞతలు.

అంతే. ఈ రచయితకు చెల్లెలు లేదు.