సిరప్ గ్లాసు

మంగళవారం రాత్రి, జహీరాబాద్

పొద్దున మా ఆయన సిరప్ గ్లాసు నా మీదికి విసిరారు. పెళ్లయ్యాక ఒక్కసారీ గొంతు పెంచని మనిషి.

లివర్ ఇంతగా గట్టిపడ్డాక పేగుల్లోని బ్యాక్టీరియా విషం తలకెక్కుతుందని, మనిషి మారిపోయినట్టు కనిపిస్తాడని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ విషం విరేచనంలో పోవడానికే సిరప్. కాళ్లలో కండ ఉంటే అదీ కొంత విషాన్ని లాగేస్తుందట. అందుకే రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే కసరత్తు.

ఝరాసంగం నుంచి వచ్చిన ఆయన చెల్లెలు, "పానం బాగలేనోన్ని గిట్ల సతాయిస్తరా వదినె? జర పండుకోనియ్యి" అంది. కింద పడ్డ గ్లాసు తీసి కడిగాను. పొద్దున ఆయనకొచ్చిన కోపం విషానిదేనా? ఇన్నేళ్లూ లోపల దాచుకున్నదా?

సిరప్ మళ్లీ పోసి ఇస్తే తాగారు. సాయంత్రానికి తేటపడ్డారు. అలసిపోయి గడప మీద కూలబడ్డాను, కసరత్తు మాట ఎత్తలేదు. ఆయనే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవబోయి, వణికి, కూర్చుని, మళ్లీ లేచారు.

"పొద్దుగాల నిన్ను ఏమన్న అన్ననా?"

"ఏమనలే. ఇంకొక్కసారి లేవుండ్రి" అన్నాను.

నా ముఖంలోకి చాలాసేపు చూశారు. తర్వాత లేచారు.